పండగ పోస్టర్ వేసే ముందు ఒక్క ప్రశ్న: ఆ తేదీ ఎవరిది?

ఈ ఎపిసోడ్ చూస్తున్నవాళ్లలో చాలామంది చిన్న బిజినెస్ నడుపుతున్నారు, లేదంటే అక్క బొటిక్ పేజీయో, ఊళ్లో యూత్ క్లబ్ పేజీయో చూసుకుంటున్నారు. మీకు ఈ సీన్ బాగా తెలుసు. రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది: "ఒరేయ్, రేపు వరలక్ష్మీ వ్రతం అంట, ఏదో ఒక పోస్టర్ వేసెయ్." మీరు ఒక టెంప్లేట్ తీస్తారు, షాపు పేరు మారుస్తారు, పోస్ట్ చేసి పడుకుంటారు. పొద్దున లేచి చూస్తే ఫీడ్ నిండా అదే పోస్టర్. రంగులే తేడా. లైకులు పదకొండు, అందులో నాలుగు ఇంట్లోవాళ్లవే.

సీజన్‌ని బట్టి ప్రచారం చేయడం సోషల్ మీడియాతో మొదలైంది కాదు. దానికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. ఈరోజు అందులోంచి మూడు కథలు చెప్తాను. మూడూ అమెరికావే, ఎందుకంటే ఇప్పుడు మన ఫోన్లలో కనిపించే సేల్ క్యాలెండర్‌లో చాలా భాగం అక్కడే తయారైంది. చివర్లో మన మగ్గం దగ్గరికి వద్దాం.

మొదటి కథ మదర్స్ డే. వెస్ట్ వర్జీనియాకి చెందిన ఆనా జార్విస్ అనే ఆవిడ తల్లి 1905 మే నెలలో చనిపోయారు. తల్లుల కోసం ఏడాదిలో ఒక రోజు ఉండాలని ఆనా పట్టుబట్టింది. 1908 మే 10న గ్రాఫ్టన్ అనే ఊళ్లోని చర్చిలో మొదటి కార్యక్రమం జరిగింది. దానికి ఆవిడ 500 తెల్ల కార్నేషన్ పూలు పంపింది. అవి వాళ్లమ్మకి ఇష్టమైన పూలు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అదే రోజు ఫిలడెల్ఫియాలో ఇంకో సభ జరిగింది. ఎక్కడో తెలుసా? జాన్ వానమేకర్ అనే పెద్ద వ్యాపారి డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో. అంటే ఆ రోజు పుట్టినప్పుడే షాపు పక్కనే నిలబడి ఉందన్నమాట. 1914లో అధ్యక్షుడు విల్సన్ మే రెండో ఆదివారాన్ని మదర్స్ డేగా అధికారికంగా ప్రకటించారు.

తర్వాత జరిగింది మనం ఊహించగలిగిందే. మే నెలలో తెల్ల కార్నేషన్ల ధర పెరిగింది. పూలు చాలకపోయేసరికి, తల్లి బతికి ఉంటే రంగు పూలు, లేకపోతే తెల్ల పూలు పెట్టుకోండని పూలవ్యాపారులు ప్రచారం చేశారు. గ్రీటింగ్ కార్డులు, చాక్లెట్లు వరసలోకి వచ్చాయి. ఆనాకి ఇదంతా ఒళ్లు మండిపోయింది. అమ్మకి సొంతంగా రెండు ముక్కలు రాయలేక అచ్చు కార్డు కొంటారా అని ఆవిడ బాధ. తను తెచ్చిన రోజు మీదే తను యుద్ధం చేసింది. నిరసనలు, కోర్టు బెదిరింపులు, ఒకసారి అరెస్టు కూడా. ఉన్న డబ్బంతా ఆ పోరాటానికే ఖర్చయిపోయింది. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. 1948లో ఒక శానిటోరియంలో కన్నుమూసింది.

అందుకని మదర్స్ డే పోస్ట్ వేయొద్దా? వేయండి. కానీ వేసే ముందు ఆ రోజు ఎవరిదో ఒకసారి ఆలోచించండి. ఆ ఆదివారం అమ్మ లేనివాళ్లు కూడా ఫోన్ తెరుస్తారు. "అమ్మకి గిఫ్ట్ కొన్నారా?" అన్న పోస్ట్ వాళ్లకి ఎలా తగులుతుంది?

రెండో కథ 1939. అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ నవంబర్ చివరి గురువారం వచ్చేది. 1863లో లింకన్ కాలం నుంచి ఉన్న ఆనవాయితీ. ఆ పండగ అయ్యేదాకా క్రిస్మస్ ప్రకటనలు మొదలుపెట్టకూడదని వ్యాపారుల్లో ఒక మర్యాద కూడా ఉండేది. 1939లో నవంబర్‌కి ఐదు గురువారాలొచ్చాయి. చివరిది 30వ తేదీ. అంటే క్రిస్మస్ షాపింగ్‌కి రోజులు తగ్గిపోతాయి. అసలే ఆర్థిక మాంద్యం దెబ్బతో ఉన్నారు. పండగని ఒక వారం ముందుకు జరపమని వ్యాపారులు అడిగారు, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒప్పుకుని 23కి మార్చారు. ఆ మాట చెప్పింది ఆగస్టులో.

ఇంకేముంది, గొడవ. క్యాలెండర్లు అప్పటికే అచ్చయిపోయాయి. కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల తేదీలు ఖరారయ్యాయి. సుమారు సగం రాష్ట్రాలు కొత్త తేదీకి మారితే, సగం పాత తేదీకే కట్టుబడ్డాయి. ఒక ఇంట్లోవాళ్లే రెండు రాష్ట్రాల్లో ఉంటే ఇద్దరికీ సెలవు ఒకే రోజు దొరకలేదు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పేరు మీద జనం ఆ పండగని "ఫ్రాంక్స్‌గివింగ్" అని ఎగతాళి చేశారు. ఇంతా చేస్తే అమ్మకాలు అనుకున్నట్టు పెరగలేదని 1941లో ప్రభుత్వమే ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో నవంబర్ నాలుగో గురువారం అని చట్టం చేసి ముగించారు.

అధ్యక్షుడంతటివాడే తేదీని తన వైపు లాక్కోలేకపోయాడు. తేదీకి మనమే సర్దుకోవాలి. మనకైతే ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మన పండగలు పంచాంగం ప్రకారం కదులుతాయి. 2023లో అధిక శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న పడింది. 2024లో 16న, 2025లో 8న. పోయినేడాది ప్లాన్ కాపీ కొట్టినవాళ్ల పరిస్థితి ఏంటో చూడండి. ఇక 2025 దసరా సరిగ్గా అక్టోబర్ 2న వచ్చింది. గాంధీ జయంతి! తెలంగాణలో దసరా అంటే ఇంటింటా మటన్ ఉండాల్సిందే కదా. హైదరాబాద్‌లో ఆ రోజు మాంసం షాపులు బంద్. "దసరా స్పెషల్, పొద్దున్నే రండి" అని ఎవరైనా ముందే పోస్టర్ చేసి పెట్టుకుని ఉంటే, దాన్ని ఒక రోజు ముందుకి మార్చుకోవాల్సిందే. రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసే సంగతి ఇది.

మూడో కథ చిన్న సంస్థలది. థాంక్స్‌గివింగ్ మర్నాడు బ్లాక్ ఫ్రైడే, షాపులది. తర్వాత సోమవారానికి 2005లో సైబర్ మండే అని పేరు పెట్టారు, ఆన్‌లైన్ షాపులది. 2012లో న్యూయార్క్‌లోని 92వ స్ట్రీట్ వై అనే సాంస్కృతిక కేంద్రం, యునైటెడ్ నేషన్స్ ఫౌండేషన్‌తో కలిసి, ఒక ఖాళీ గమనించింది. శుక్రవారం, సోమవారం కొన్నాం సరే, మంగళవారం ఇద్దాం అంది. అదే గివింగ్ ట్యూస్‌డే. ఆ పేరుని ఏ సంస్థ అయినా వాడుకోవచ్చు. అనాథాశ్రమం వాడుకోవచ్చు, ఊరి లైబ్రరీ వాడుకోవచ్చు. పెద్ద షాపులతో వాళ్ల రోజున పోటీ పడకుండా, పక్కన ఖాళీగా ఉన్న రోజుని తీసుకున్నారు. ఈ ఆలోచన ఇప్పుడు చాలా దేశాలకి పాకింది.

ఇప్పుడు మన దగ్గరికి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 2015 నుంచి జరుపుతున్నారు. ఆ తేదీ ఊరికే రాలేదు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్‌లో జరిగిన సభలో విదేశీ వస్తువుల బహిష్కరణ తీర్మానం చేశారు, స్వదేశీ ఉద్యమం ఊపందుకుంది. ఆ రోజు వెనక అంత కథ ఉంది.

ప్రతి ఏడాదీ ఆగస్టు 7న మన స్టేటస్‌ల నిండా "చేనేతను ఆదరించండి" అని ఉంటుంది. మంచిదే. కానీ పోచంపల్లి ఇక్కత్ చీర ఎలా తయారవుతుందో చూడండి. ముందు నూలుకి ఆసు పోయాలి. డిజైన్ ప్రకారం ముడులు కట్టాలి, రంగు అద్దాలి, ఆరబెట్టాలి, మళ్లీ కట్టాలి, ఇంకో రంగు. ఆ తర్వాతే మగ్గం మీదికి వెళ్తుంది. అంటే దసరాకి కట్టుకునే చీర పని దసరాకి చాలా ముందే మొదలవ్వాలి. ఆగస్టు 7న వచ్చే లైకు నేత కార్మికుడి చేతికి పని ఇవ్వదు. మే, జూన్‌లో వచ్చే ఆర్డర్ ఇస్తుంది.

నాకు అర్థమైన ప్లానింగ్ ఇదే. పోస్ట్ తేదీ నుంచి ముందుకి కాదు, వెనక్కి లెక్కపెట్టాలి. ఒక సంఘం పేజీ నడుపుతుంటే, మేలోనే నూలు ఫొటో పెట్టి ప్రీ ఆర్డర్ తీసుకోండి. జూన్‌లో రంగుల వీడియో, జులైలో మగ్గం చప్పుడు. ఆగస్టు 7న, అది నేసినాయన మొహం, ఆయన ఒప్పుకుంటే ఆయన పేరు. అప్పుడు ఆ రోజు ఎవరిదో వాళ్లకి దక్కినట్టు. ఏడాదికి నలభై పండగలకి పోస్టర్లు వేయక్కర్లేదు. మీ పనికి నిజంగా సంబంధం ఉన్నవి నాలుగు చాలు.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఇంట్లో గోడకి ఉన్న క్యాలెండర్ తీసి, ఆ నాలుగు తేదీలకీ సున్నా చుట్టండి. ఒక్కో తేదీ నుంచి పని ఎప్పుడు మొదలవ్వాలో వెనక్కి లెక్కేసి, అక్కడ ఇంకో సున్నా చుట్టండి. మీ మొదటి పోస్ట్ పడాల్సింది ఆ రెండో సున్నా దగ్గర. మీ నాలుగు తేదీలేంటో కామెంట్‌లో రాయండి, చదువుతాను. మళ్లీ కలుద్దాం.