పుదుచ్చేరి: వీధులు చెప్పే చరిత్ర



చెన్నై నుంచి తీరం వెంబడి దక్షిణంగా సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణిస్తే పుదుచ్చేరి వస్తుంది. తిన్నని వీధులు, పసుపుపచ్చని గోడలు, ఎత్తైన ద్వారాలు, మూలమూలన ఫ్రెంచి పేర్ల పలకలు కనిపిస్తాయి. చాలామంది వీటిని చూసి ‘ఇది ఫ్రెంచివాళ్లు కట్టిన ఊరు’ అనుకుని తిరిగి వెళ్లిపోతారు. ఆ మాట ఎంతవరకు నిజం? ఈ పాఠంలో ఆ వీధుల్లో నడుస్తూ సమాధానం వెతుకుదాం.

ముందుగా ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న అరికమేడుకు వెళ్లాలి. 1945లో మార్టిమర్ వీలర్ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. మధ్యధరా ప్రాంతం నుంచి ద్రాక్షసారా తెచ్చిన రెండు చెవుల మట్టి జాడీలు, ఇటలీలో తయారైన ఎర్రని పాత్రల ముక్కలు బయటపడ్డాయి. ఇక్కడివారు తయారుచేసిన రాతిపూసలు, గాజుపూసలు కూడా దొరికాయి. వీలర్ దీన్ని రోమన్ వర్తక స్థావరంగా భావించాడు. 1989-92 మధ్య జరిగిన తవ్వకాలు మరో సంగతి తేల్చాయి. రోమన్ సరుకు రాకముందే ఇక్కడ స్థానికుల ఊరు ఉంది. అంటే ఫ్రెంచివారు రావడానికి పదహారు శతాబ్దాలకు ముందే ఈ తీరానికి సముద్ర వర్తకం తెలుసు.

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1664లో ఏర్పడింది. 1674 నుంచి ఫ్రాన్సువా మార్తాన్ ఇక్కడి స్థావరాన్ని పెంచాడు. బట్టల వ్యాపారమే దానికి ప్రాణం కాబట్టి సాలెవారు, అద్దకంవారు, వర్తకులు లేకుండా ఈ ఊరు లేదు. 1693లో డచ్చివారు దీన్ని పట్టుకుని, గళ్లు గీసినట్టు తిన్నని వీధులతో నగర పటం తయారుచేశారు. సంధి ప్రకారం 1699లో ఊరు తిరిగి ఫ్రెంచివారి చేతికి వచ్చింది. మనం ‘ఫ్రెంచి వీధులు’ అని మెచ్చుకునే ఆ తీరు వెనుక డచ్చివారి పటం ఉందని గమనించండి.

ఊరి మధ్య ఒక కాలువ ఉంది. దానికి తూర్పున, సముద్రం వైపు ఐరోపావారు. పడమర తమిళులు ఉండేవారు. పడమటి వీధుల్లో ఇంటి ముందు అరుగు, లోపల మండువా కనిపిస్తాయి. ఈ భాగంలోని రంగపిళ్లై వీధి ఆనందరంగపిళ్లై పేరిట ఉంది. ఆయన 1709లో పుట్టాడు. గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేశాడు. 1736 నుంచి 1761 వరకు తమిళంలో దినచర్య రాశాడు. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, దర్బారు కబుర్లు, యుద్ధాలు అన్నీ అందులో ఉన్నాయి. 1748లో ఆంగ్లేయుల ముట్టడి సమయంలో వేదపురీశ్వరాలయాన్ని పడగొట్టించిన సంగతినీ ఆయన నమోదు చేశాడు. అయితే ఆయన స్వయంగా వర్తకుడు, కంపెనీ కొలువులో ఉన్నవాడు. ఆయనకూ పోటీదారులు ఉన్నారు. అందుకే దినచర్యను కూడా ఇతర ఆధారాలతో పోల్చి చదవాలి. ఆయన తెలుగు సాహిత్యానికీ పోషకుడు. కస్తూరి రంగకవి రచించిన ‘ఆనందరంగరాట్ఛందము’ అనే లక్షణగ్రంథం ఆయన పేరుమీదే వెలసింది.

ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి వీధిగా పిలిచే దారికి పూర్వం బుస్సీ వీధి అని పేరు. ఈ బుస్సీ మనకు కొత్తవాడు కాదు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో విజయనగరం రాజు పక్షాన నిలిచిన ఫ్రెంచి సేనాని ఇతడే. పుదుచ్చేరిలో చేసిన ఆలోచనల ఫలితం కళింగాంధ్ర కోటల మీద పడింది.

1761 జనవరిలో ఊరు ఆంగ్లేయులకు లొంగిపోయింది. వారు కోటను, భవనాలను నేలమట్టం చేశారు. మరుసటి ఏడాదే మద్రాసు నుంచి బయలుదేరిన ఆంగ్ల దళం ఫిలిప్పీన్సులో స్పెయిన్‌వారి మనీలాను పట్టుకుంది. ఐరోపా రాజ్యాల తగవు ఒక తీరపట్టణం నుంచి మరొక తీరపట్టణానికి ఇలా పాకింది. 1763 సంధి తర్వాత ఫ్రెంచివారు పాత వీధుల తీరు మీదే ఊరు మళ్లీ కట్టుకున్నారు. కాబట్టి నేడు తూర్పు భాగంలో కనిపించే కట్టడాల్లో అత్యధికం ఆ తర్వాతవే.

కట్టడాలతోనే కథ ముగియదు. 1936 జూలై 30న ఇక్కడి బట్టల మిల్లు కార్మికుల మీద కాల్పులు జరిగి 12 మంది మరణించారు. వారి పోరాట ఫలితంగా మరుసటి ఏడాది ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. 1954 జూన్ 13న గోదావరి తీరంలోని తెలుగు పట్టణం యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అక్టోబరు 18న కీళూరులో ఓటు వేసిన 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది భారతదేశంలో విలీనం కోరారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. చట్టబద్ధమైన బదిలీ 1962 ఆగస్టు 16న పూర్తయింది.

సముద్రతీరాన 19వ శతాబ్దంలో కట్టిన పురపాలక భవనం 2014 నవంబరు వర్షాలకు కూలిపోయింది. పాత రూపంలోనే మళ్లీ కట్టి 2021లో ప్రారంభించారు. కూలిన భవనాన్ని పటం చూసి తిరిగి కట్టవచ్చు. అయితే కాలువకు పడమర వీధుల్లో అరుగుల ఇళ్లు ఒక్కొక్కటిగా కూలితే వాటికి పటాలు ఎవరి దగ్గర ఉంటాయి? తూర్పు వీధుల ఫొటోలు తీసుకునేవారిలో ఎందరు కాలువ దాటి వెళతారు?

కనుక మన మొదటి ప్రశ్నకు సమాధానం ఇది: పుదుచ్చేరిని ఫ్రెంచివారు పాలించారు, కానీ దాన్ని నిర్మించినవారు ఎందరో. మీరు అక్కడికి వెళ్లినప్పుడు ఉదయం సముద్రతీరంలో నడవండి. సాయంత్రం మాత్రం కాలువ దాటండి. అలాగే మీ సొంత ఊళ్లో ఒక వీధి పేరు ఎలా వచ్చిందో పెద్దలను అడిగి రాసుకోండి. చరిత్ర అధ్యయనం అక్కడి నుంచే మొదలవుతుంది.