యంత్రానికి మాట నేర్పే పని: ఉత్తరాంధ్ర వేసిన పునాది

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటకు దగ్గర్లో, వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉంది. ఆ పక్కనే పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే ఆయన చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషకు లిపి లేదు. సవరలు మాట్లాడుతుంటే విని రాసుకోవడం ఒక్కటే దారి. ఏళ్ల తరబడి అలా విన్నదే 1931లో సవర వ్యాకరణంగా అచ్చయింది.

చాట్‌బాట్లకూ వాయిస్ అసిస్టెంట్లకూ మాటలు కూర్చేవారిని ఇప్పుడు కాన్వర్సేషన్ డిజైనర్లు అంటున్నారు. వాళ్ల పని కూడా వినడంతోనే మొదలవుతుంది.

తెలుగులో ఆ పనికి దారి వేసిన పోరాటంలో ముందు నిలిచింది ఉత్తరాంధ్రవాళ్లే. జనం మాట్లాడే తెలుగును పుస్తకాల్లోకి తేవడానికి గిడుగు పండితులతో ఏళ్ల తరబడి వాదించారు. ఇదే లక్ష్యంతో 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఆ ఏడే గిడుగు ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. అంతకుముందే, 1892లో, విజయనగరంలో గురజాడ అప్పారావు రాసిన ‘కన్యాశుల్కం’ నాటకాన్ని ఆడారు. అందులో ఏ పాత్ర మాట ఆ పాత్రదే. ఎవరు, ఎవరితో, ఏ అవసరానికి మాట్లాడుతున్నారో చూసి మాట రాయడం సంభాషణ రచనకు ప్రాణం.

యంత్రంతో మాట్లాడించే ప్రయత్నం మాత్రం అమెరికాలో మొదలైంది. 1966లో ఎంఐటీకి చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రాం గురించి ప్రకటించారు. మనిషి టైప్ చేసిన వాక్యంలో ఒక ముఖ్యమైన మాటను పట్టుకుని, దాన్నే ప్రశ్నగా తిప్పి అడిగేది. అర్థం చేసుకునే శక్తి దానికి లేకపోయినా జనం మనసు విప్పి మాట్లాడారు. ఆ తర్వాత ఫోన్లలో ‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అనే గొంతులు వచ్చాయి. 2011లో సిరి, 2014లో అలెక్సా అనే వాయిస్ అసిస్టెంట్లు వచ్చాక యంత్రానికి మాటలు కూర్చడం ప్రత్యేక వృత్తిగా నిలబడింది.

ఈ వృత్తిలో పని మూడు విధాలు. అడిగే మనిషి ఉద్దేశం ఏమిటో గుర్తించాలి. ఒకే సంగతిని జనం ఎన్ని రకాలుగా అడుగుతారో పోగుచేయాలి. యంత్రానికి అర్థం కానప్పుడు ఏమనాలో రాయాలి. కొత్తవాళ్ల నేర్పు ఈ మూడోదానిలోనే బయటపడుతుంది. ‘తప్పు ఇన్‌పుట్’ అని ఊరుకోకుండా, అడిగినవారిని కించపరచకుండా మళ్లీ దారిలోకి తేవాలి.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోకి తెచ్చింది. ఇలాంటి సేవలు గొంతుతో అడిగితే పలికేదాకా వెళ్లాలంటే ఉత్తరాంధ్ర యాస తెలిసినవాళ్లు కావాలి. నరసన్నపేట సంతలో ఒక ముసలమ్మ ‘నా పింఛను ఏటయింది?’ అనే అడుగుతుంది. ఆ ప్రశ్నను యంత్రం అందుకోలేకపోతే లోపం ఆమెది కాదు, ఆ మాటను యంత్రానికి అందించని వాళ్లది.

ఈ ఉద్యోగం కోరే యువతీయువకులు ముందుగా ఒక చిన్న సేవను ఎంచుకోవాలి. బస్సు వేళలో, ధాన్యం కొనుగోలో ఏదైనా సరే. పదిమంది దాన్ని ఎలా అడుగుతారో విని రాసుకోవాలి. జవాబులు రాసి, పైకి చదివి వినిపించి దిద్దుకోవాలి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించాల్సింది ఆ పనే. సంభాషణ నేర్చుకోవడానికి శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో స్థాపించిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది. అక్కడికి వెళ్లి చదవండి.