అర మిల్లీమీటరు దారి

హైదరాబాద్‌లో ఒక ఆపరేషన్ థియేటర్. దీపాలు తగ్గించేశారు. మీ ముందు బల్ల మీద పడుకున్నావిడ గోదావరి జిల్లాల నుంచి వచ్చింది. మెలకువగానే ఉంది. వాచిన కుడిచెయ్యి పక్కకు చాపి ఉంది. రొమ్ము క్యాన్సర్‌కు చంకలోని లింఫు గ్రంథులు తీసేసి, రేడియేషన్ ఇచ్చాక ఆ చేతికి నీరు పట్టింది. ఊళ్లో వాళ్లు మాత్రం దోమకాటు వల్ల వచ్చిన బోదవ్యాధే అనుకున్నారు.

వేళ్ల సందుల్లో ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగుమందు ఎక్కించారు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చేతి మీదికి రాగానే తెర మీద తెల్లటి గీత వెలిగి, మణికట్టు దాటి పైకి పాకింది. అది ఇంకా పనిచేస్తున్న లింఫు నాళం. మోచేతికి చేరేసరికి గీత చెదిరి, చుక్కలు చుక్కలుగా చర్మంలోకి పొంగింది. దారి అక్కడ మూసుకుపోయింది. డాక్టరమ్మ గీత నిలిచి ఉన్నచోటే పెన్నుతో గుర్తులు పెట్టింది.

మత్తు ఇచ్చింది ఆ కాస్త చోటుకే. గాటు రెండు మూడు సెంటీమీటర్లు. ఇప్పుడు తెర మీద మైక్రోస్కోపు చూపుతున్నది చూడండి: పసుపు కొవ్వు మధ్య అర మిల్లీమీటరు నాళం. గోడ పల్చగా ఉంది, లోపల నీరు నిండి ఉబ్బింది. అదృష్టం! వాపు ఏళ్ల తరబడి ముదిరితే ఈ గోడే గట్టిపడి, లోపలి దారి పూడుకుపోతుంది. “క్యాన్సర్ తగ్గింది కదా, చెయ్యి వాపుదేముంది” అని సరిపెట్టుకోమనే మాట ఎన్ని చేతుల్ని ఆ దశకు తోసిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పక్కనే అంతే సన్నటి సిర దొరికింది. పెద్దకాలువ పూడిపోతే నీటిని పక్క కాలువలోకి మళ్లించినట్టు, నాళాన్ని ఈ సిరలోకి కలపాలి. 0.8 మిల్లీమీటర్ల లోపు నాళాలను ఇలా కుట్టే విద్యను జపాన్‌లో ఇసావో కోషిమా 1990లలో తీర్చిదిద్దాడు. వెంట్రుక కన్నా సన్నటి 11-0 నైలాన్ దారం. సూది వెనక గోడను పట్టేయకుండా నాళం లోపల చిన్న దారపు ముక్క ఉంచారు. ఆవిడ దగ్గితే తెర మీద మొత్తం ఊగిపోయింది. డాక్టరమ్మ చేతులు ఆపి, ఊగడం తగ్గాక మళ్లీ కుట్టింది. చివరి ముడికి ముందు ఆ ముక్క లాగేసింది.

సిరను బిగించి ఉంచిన క్లిప్పు వదిలారు. సిరలోని ఎర్రదనాన్ని తోసుకుంటూ తేటనీరు లోపలికి వెళ్లింది. వెనక్కి రక్తం రాలేదు. మోచేతి కింద ఇంకో రెండు గుర్తులున్నాయి, అక్కడా ఇదే పని.

“డాక్టరమ్మా, వాపుకని చేతికి వేసుకునే ఆ బిగుతు తొడుగు ఇంక తీసేయొచ్చా?” ఆకుపచ్చ గుడ్డ వెనక నుంచి ఆవిడ అడిగింది.

“అప్పుడే కాదమ్మా. కొన్నాళ్లు వేసుకోవాల్సిందే. ప్రతిసారీ చెయ్యి కొలుస్తాను, చుట్టుకొలత తగ్గడాన్ని బట్టి చెబుతాను.”