కలిసిన పట్టాలు, కలియని అనుమతులు

ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున పూరీ గేటు ఒక పేట. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిర భవనమున ఆరంభమైన సాంకేతిక విద్యాసంస్థ దాని చెంతనే యున్నది. రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఈ పట్టణమున స్థిరపడి యున్నవి. పట్టాల కొలత కలియనిచో బండి సాగదని ఇచటివారికి ఎవరును బోధింపనక్కరలేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, తన చేతికి వచ్చిన నాగపూర్–ఛత్తీస్‌గఢ్ మీటర్ గేజి మార్గమును బ్రాడ్ గేజికి మార్చవలసి వచ్చెను.

అట్టి చిక్కే కంప్యూటరు చరిత్రలోను కనిపించును. కెర్నెల్ అనగా యంత్రమునకును తక్కిన ప్రోగ్రాములకును నడుమ నిలిచి, మెమరీని, పరికరములను, కాలమును పంచి యిచ్చు మూల ప్రోగ్రాము. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్స్ కెర్నెల్‌ను మరుసటి యేడు జి.పి.ఎల్. రెండవ పాఠము క్రిందకు తెచ్చెను. దానిని ఎవరైనను వాడుకొనవచ్చును, మార్చవచ్చును. కాని మార్చి పంచినచో, పొందినవారికి మూలమును, అదే స్వేచ్ఛను అందింపవలెను. బర్క్‌లీ విశ్వవిద్యాలయపు బి.ఎస్.డి. లైసెన్సు కోరినది స్వల్పము. అయినను ప్రకటనలలో విశ్వవిద్యాలయమును పేర్కొనవలెనన్న ఒక్క షరతు ఆ రెంటిని కలియనీయలేదు. 1999లో బర్క్‌లీ దానిని తొలగించెను. అటుపిమ్మట ఆ సవరించిన లైసెన్సు గల రచన లినక్స్‌లోనికి పోవచ్చును. అచటి రచన బి.ఎస్.డి. షరతులపై మరలి రాజాలదు. గేటు ఒకవైపే తెరచుకొన్నది.

2005లో సన్ సంస్థ సొలారిస్ మూలమును సి.డి.డి.ఎల్. క్రింద బహిరంగపరచెను. ఇదియు స్వేచ్ఛనిచ్చు లైసెన్సే. కాని తన ఫైళ్ళు తన షరతుల క్రిందనే యుండవలెననును. కలిపిన రచన యంతయు తన షరతుల క్రిందకు రావలెనని జి.పి.ఎల్. అనును. అందుచే జెడ్.ఎఫ్.ఎస్. అను ఫైలు వ్యవస్థ 2007లో ఫ్రీబి.ఎస్.డి.లో ప్రవేశించినను, లినక్స్ ప్రధాన కెర్నెల్‌లో దానికి నేటికిని చోటు లేదు. 2016లో ఉబుంటు దానిని మాడ్యూలుగా జతపరచి పంచగా, అది జి.పి.ఎల్.కు విరుద్ధమని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ ఆక్షేపించెను. ఉబుంటును వెలువరించు కెనోనికల్ అందుకు సమ్మతింపలేదు.

గేజి మార్చుటకు రైల్వే యొకటి నిశ్చయించిన చాలును. లినక్స్‌కు కర్తలు వేలమంది. ఎవరి హక్కు వారిదే. 2007లో జి.పి.ఎల్. మూడవ పాఠము వెలువడినను లినక్స్ రెండవదాని యందే నిలిచెను. అందరికి ఇచ్చినంతమాత్రమున అన్నిటితో కలియునని కాదు. ఇచ్చువాడు షరతు వ్రాయునాడే, తన రచన రేపు ఎవరి రచనతో కలియవలసి వచ్చునో తలపోయవలెను.