ముక్కు కొలత నుండి జన్యువుల లెక్క దాకా

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు చిన్న గొట్టంలో ఉమ్మి నింపి పంపి, తన పూర్వీకుల శాతాలు తెప్పించుకున్నాడు. "మామయ్యా, ఇంతకీ మనం ఎవరం?" అని ఫోనులో అడిగాడు. ఆ ప్రశ్నకు నా వద్ద సమాధానం లేదు గానీ, ఆ శాతాల వెనుకనున్న గణితానికి ఒక పాత కథ ఉంది. అందులో మన తెలుగువారొకరున్నారు.

హెర్బర్ట్ రిస్లీ అనే ఆంగ్లేయ అధికారి బెంగాలులో జనుల ముక్కులు కొలిపించి, ముక్కు వెడల్పైన కొద్దీ కులం అంతస్తు తగ్గుతుందని 1890ల మొదట్లో తేల్చేశాడు. ఆ కొలతలను 1933లో తిరిగి పరిశీలించి సవరించినవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఒక్క ముక్కుతో దూరాలు తేలవు. పోనీ పది కొలతలు తీసి కూడుదామంటే, పొడగరికి చెయ్యీ పొడవే, కాలూ పొడవే. ఒకే సంగతిని మూడు మార్లు లెక్కించినట్లవుతుంది. కొలతల నడుమనున్న ఈ చుట్టరికాన్ని తీసివేసి దూరాన్ని గణించే సూత్రాన్ని ఆయన 1936లో పూర్తి రూపంలో ప్రకటించాడు. డి-స్క్వేర్ అంటే అదే.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఉద్యోగం వెదుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో మహలనోబిస్ సంస్థలో చేరారు. 1946లో సూడానులోని జెబెల్ మోయా అస్థికల కొలతలను విశ్లేషించడానికి కేంబ్రిడ్జి వెళ్ళి, ఆ పనితోపాటే ఫిషర్ వద్ద డాక్టరేటు చేశారు. సంయుక్త రాష్ట్రాల కులాల, తెగల కొలతలపై మహలనోబిస్, మజుందార్, రావుగార్ల అధ్యయనం 1949లో వెలువడింది. అంతా బల్లమీది లెక్కల యంత్రాలతోనే!

నాకు అందులో ఒక్కటే వెలితి కనబడుతుంది. గుంపులకు పేర్లు ముందే ఉన్నాయి, దూరాలు తరువాత కొలిచారు. 2000లో వచ్చిన 'స్ట్రక్చర్' అనే ప్రోగ్రాముకు పేర్లు అక్కరలేదు. జన్యువులను చూసి తానే గుంపులు కడుతుంది. అయితే ఎన్ని గుంపులో మనమే చెప్పాలి. మూడంటే మూడు, ఏడంటే ఏడు!

2009లో హైదరాబాదు సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు హార్వర్డు శాస్త్రజ్ఞులతో కలిసి 25 సముదాయాల నుండి 132 మంది జన్యువులను, ఒక్కొక్కరివి ఐదు లక్షలకు పైగా స్థానాలలో పరిశీలించారు. అత్యధిక సముదాయాలు రెండు ప్రాచీన జనాల మిశ్రమమనీ, ఉత్తరపు పాలు 39 నుండి 71 శాతమనీ తేలింది. పై కులాలలో ఆ పాలు ఎక్కువన్న మాటా అందులో ఉంది. ఇటు 39 శాతం వారిలోనూ, అటు 71 శాతం వారిలోనూ రెండూ కలిసే ఉన్నాయన్న మాటా ఉంది. మొదటి దానినే ఎత్తి చూపేవారిని చూస్తే నాకు రిస్లీ గుర్తుకొస్తాడు.

మేనల్లుడికి ఇదంతా వ్రాశాను. వాడి శాతాలు సంస్థవారు ముందుగా గీసుకున్న గళ్ళలోనివని కూడా చెప్పాను. వాడు మళ్ళీ తెరిచి చూశాడట. నిరుటికీ ఇప్పటికీ అంకెలు మారాయట. ఉమ్మి మాత్రం అదే.