మంచము క్రింది నీళ్ల సీసా



2021వ సంవత్సరపు వేసవిలో నా చిన్ననాటి స్నేహితు డొకడు కోవిడు జ్వరముతో ఆసుపత్రి పాలయ్యెను. జ్వరము తగ్గుముఖము పట్టినదని మే మందఱము ఊఱట చెందిన దినముననే అతని కెడమప్రక్క బాకుతో పొడిచినట్లు నొప్పి పుట్టి ఊపిరి యాడలేదు. మెడమీద చేయి వేసి చూడగా చర్మము క్రింద ఎండుటాకులు నలిగినట్లు కరకరలాడెనట. వైద్యుడు ప్రక్కటెముకల నడుమ నొక గొట్టము దూర్చి, దాని చివరను మంచము క్రిందనున్న నీళ్ల సీసాలో ముంచెను. నీటిలో బుడబుడమని బుడగలు లేచినవి. ఆసుపత్రి వాకిట ఈ సంగతి విన్న అతని తల్లి, "నాయనా, రొమ్మునకు తూటు పొడిచినారట, ఇక వాడు దక్కునా?" అని న న్నడిగినది. అప్పుడు నేను బదులు చెప్పలేకపోతిని. తరువాత ఆ సీసా చరిత్రను వెదకి చదివితిని. ఆనాడు చెప్పలేని సమాధానమునే నేడు మీకు మనవి చేయుచున్నాను.

మన ఊపిరితిత్తులు సాగెడి స్వభావము గలవి, వదలినచో ముడుచుకొనిపోవును. వానిని విప్పి నిలుపునది చుట్టును గల పలుచని పొరల సందు. ఆ సందులో గాలి యుండదు. కొంచెము తడి మాత్ర ముండును. ఆ చోటికి గాలి చొఱబడెనా, తిత్తి కుదించుకొనిపోవును. ఒక్కొక్కప్పుడు లోనికి వచ్చిన గాలి వెలుపలికి పోలేక, ఊపిరి ఊపిరికి పెరిగి, గుండెను సైతము ప్రక్కకు త్రోయును. అట్టి రోగిని నిమిషములలో కాపాడవలయును.

ఈ రోగమునకు 1803లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఇటార్డు 'న్యూమోథొరాక్సు', అనగా రొమ్ములోని గాలి, అని పేరు పెట్టెను. 1816లో స్టెతస్కోపును కనిపెట్టిన లేనెక్కు, 1819లో ప్రకటించిన గ్రంథమున దీని గుర్తులను వివరించెను. రొమ్ముపై వ్రేలితో తట్టినచో డోలువలె మ్రోగును. చెవియొగ్గి విన్నచో ఊపిరి చప్పుడు వినరాదు. నేటికిని వైద్యులు ఈ రెండు గుర్తులను చూచుచునే యున్నారు.

నీళ్ల సీసా ఉపాయము జర్మనీలోని హాంబర్గు నగర వైద్యుడగు బ్యూలౌ 1875 ప్రాంతమున వాడుకలోనికి తెచ్చినది. ఆయన రొమ్ములోని చీమును తీయుటకు దానిని వినియోగించి, 1891లో ఆ పద్ధతిని విపులముగా ప్రకటించెను. గొట్టపు చివర నీటిలో మునిగియుండుటచే లోపలి గాలి బుడగలై వెలుపలికి పోవును. వెలుపలి గాలి మాత్రము లోనికి రాలేదు. ఏతామునకు లేని తెలివి ఇందే మున్నదని యెవరైన అనవచ్చును. కాని ఈ చిన్న సంగతిని మరచుటచే ఎందఱో మరణించిరి.

1917-18 చలికాలమున అమెరికా సైనిక శిబిరములలో తట్టు జ్వరము వ్యాపించెను. దాని వెనుక న్యుమోనియా వచ్చి రొమ్మున చీము పట్టెడిది. శస్త్రవైద్యులు తొందరపడి రొమ్మును కోసి తెరచిరి. గాలి చొఱబడి తిత్తులు ముడుచుకొనగా నూటికి సుమారు 30 మంది చనిపోయిరి. ఎవార్ట్సు గ్రాహము, బెల్లు అను వైద్యులు దీని కారణమును పరిశోధించి 1918లో వెల్లడించిరి. తొలిదినములలో రొమ్మును తెరవక, గాలి చొరకుండ చీమును తీయుట మొదలిడగా మరణములు మిక్కిలి తగ్గినవి.

ఆ యేడే ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచమును ముంచెత్తినది. మన దేశమున కోటికి పైగా జనులు మరణించిరి. పలుచోట్ల రోగులను ప్రక్కకు త్రిప్పునపుడు చర్మము క్రింద గాలి కరకరలాడుట పరిచారికలు గమనించిరి. ఇది నా మిత్రుని మెడమీది చప్పుడే! రొమ్ములోని గాలి మెడకెట్లు చేరెను? కెనడా శాస్త్రజ్ఞుడు మాక్లిను 1939లో ఆ దారిని చూపెను. వాచిన తిత్తిలోని సన్నని గాలిగదులు చిట్లినపుడు, గాలి రక్తనాళముల వెంబడి ప్రాకి, రొమ్ము నడిమికి చేరి, అచ్చటనుండి మెడ కెగబ్రాకును. 1944లో ఆయన తన భార్యతో కలిసి, అనేక శ్వాసరోగములలో ఈ యుపద్రవము కనబడక దాగియుండునని వ్రాసెను.

కృత్రిమ శ్వాసయంత్రములు వచ్చిన పిమ్మట ఇంకొక చిక్కు కలిగెను. కమ్మరి కొలిమితిత్తిని అతిగా నొక్కినచో అతుకులు విచ్చును గదా! యంత్రముతో హెచ్చుగాలి నెక్కించినను రోగపీడితమగు తిత్తికి హాని కలుగును. 2000లో అమెరికా వైద్యులు 861 మంది రోగులను పరీక్షించి, మునుపటి మోతాదు గాలితో నూటికి 40 మంది వఱకు చనిపోగా, అందు సగము మోతాదుతో 31 మందే చనిపోయిరని తెలిపిరి. అయినను తప్పంతయు యంత్రముది కాదు. 2003లో హాంకాంగునందలి సార్సు రోగులలోను, 2020 తరువాత కోవిడు రోగులలోను, యంత్రము తగిలింపని కొందఱికి సైతము గాలి లీకయ్యెను.

నా మిత్రుని సీసాలో తొమ్మిదవనాటికి బుడగలు నిలిచినవి. ఎక్సురేలో తిత్తి విప్పుకొన్నట్లు కానవచ్చెను, గొట్టము తీసివేసిరి. ఇప్పు డతడు పొలము గట్టున నడచుచున్నాడు.

అమ్మా, ఆ తూటు చేసినది ప్రాణము తీయుటకు గాదు, దారి తప్పిన గాలిని సాగనంపుటకు. పెద్దలారా, జ్వరము తగ్గిన పిదప నైనను ఆకస్మికముగా ప్రక్కనొప్పి, ఆయాసము వచ్చినచో కాపడము పెట్టి తెల్లవారువఱకు వేచియుండకుడు. వెంటనే ఆసుపత్రికి గొనిపొండు. అచ్చట నీళ్ల సీసా తగిలించినచో దానిని రోగి రొమ్ముకన్న నెత్తున నుంచకుడు, గొట్టమును మీ యంతట మీరు మూయకుడు. ఆ బుడగలను చూచి భయపడక, అవి తగ్గుచున్నవో లేదో లెక్కపెట్టుచుండుడు.