సావిత్రి నటనము – కృష్ణాతీర రంగస్థల వారసత్వము

ఆంధ్ర నాటకరంగ చరిత్రమున కృష్ణాతీరమునకు ఒక విశిష్టత కలదు. పురుషులు స్త్రీపాత్రలను ధరించుటను ఒక ప్రత్యేక కళగా పెంచిన సీమ యిది. కూచిపూడి భాగవతులు తరతరములుగా సత్యభామ వేషము కట్టిరి. బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావుగారు (1902–1971) సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ప్రేక్షకులను మెప్పించి 1956లో పద్మశ్రీ పురస్కారము నందిరి. ఈ సంప్రదాయముతో పోల్చి చూచిననే నటి సావిత్రి ప్రతిభ సమగ్రముగా బోధపడునని మా అభిప్రాయము.

గుంటూరు జిల్లా చిర్రావూరున జన్మించిన సావిత్రి శైశవముననే తండ్రిని కోల్పోయి, విజయవాడలో పెదతల్లి యింట పెరిగెను. శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రిగారికడ సంగీత నృత్యముల నభ్యసించెను. పిదప నవభారత నాట్యమండలి పక్షమున బుచ్చిబాబు రచించిన 'ఆత్మవంచన' నాటకమున నటించెను. పద్యనాటకమున నటునకు రాగము అండగా నుండును. సాంఘిక నాటకమున ఆ యాధారము లేదు. పలుకు, చూపు, మౌనము – వీనితోనే భావమును పలికింపవలెను. సావిత్రికి తొలి శిక్షణ యిచటనే లభించినది.

వెండితెరపై ఆరంభము సుగమము కాలేదు. 'సంసారం' (1950) చిత్రమున నాయికపాత్ర చేజారి, చిన్నవేషమే దక్కెను. 'పాతాళభైరవి' (1951)లో లభించినది ఒక నృత్యము మాత్రమే. 'పెళ్ళిచేసిచూడు' (1952), 'దేవదాసు' (1953) చిత్రములతో ఆమె స్థానము స్థిరపడెను.

మా వాదమునకు ముఖ్యాధారము 'మాయాబజార్' (1957). అందు ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చును. ఘటోత్కచునిగా ఎస్.వి. రంగారావు ప్రదర్శించిన ఠీవిని, నడకను సావిత్రి సుకుమారియగు కన్యక దేహమున నిలుపవలసివచ్చెను. ఒంటరిగా నున్నపుడు పౌరుషము పైకి వచ్చును. ఎవరేని సమీపించినంతనే సిగ్గు ఆవరించును. స్థానంవారు తమలోని పురుషుని పూర్తిగా మఱుగుపఱుపవలెను. సావిత్రి ఆ పురుషుని క్షణమున కనబఱచి మఱుక్షణమున దాచవలెను. పురుషుడు స్త్రీగా నటించుటను ఒక స్త్రీ నటించి చూపినది! వేషము వెనుక మనిషిని పోల్చుకొనుట తరతరములుగా అలవడిన కృష్ణాతీర ప్రేక్షకులకు ఇందలి చమత్కారము వేఱుగ చెప్పనక్కఱలేదు.

సావిత్రి స్థానంవారికడ శిష్యరికము చేసెనని మేము చెప్పుట లేదు. ఉభయులను ఒకే రంగస్థల వాతావరణము పోషించినదని మాత్రమే మా యాశయము.

ఆమె 1968లో 'చిన్నారి పాపలు' చిత్రమునకు దర్శకత్వము వహించెను. 1981 డిసెంబరు 26న మరణించెను. జీవితచరిత్రకారులు ఆమె కష్టములను విపులముగా వర్ణించిరి. 2018లో వెలువడిన 'మహానటి' చిత్రము వానిని నేటితరము ముందుంచినది. కష్టములు జాలిని పుట్టించును గాని నటనను వివరింపవు. ఆ వివరణకై పరిశోధకులు మదరాసు స్టూడియోలకు ముందుగా విజయవాడ రంగస్థలములను పరిశీలింపవలసియున్నది.